65 దాటాక క్యాన్సర్: మెడికేర్‌లో మందుల ప్లాన్ ఎంచుకునే పద్ధతి

క్యాన్సర్ మాత్రల ధర నెలకు పదివేల డాలర్ల పైమాటే అని ఫార్మసీవాళ్లు చెప్పగానే అమెరికాలోని చాలా తెలుగు ఇళ్లలో పిల్లలు ఆ రాత్రే లాప్‌టాప్ ముందు కూర్చుంటారు. అన్నిటికంటే ఎక్కువ ప్రీమియం ఉన్న ప్లాన్ ఏదా అని వెతుకుతారు. ఎక్కువ కడితే ఎక్కువ కవరేజీ వస్తుందని మన లెక్క. మెడికేర్ అంటే ముఖ్యంగా 65 దాటినవాళ్ల కోసం అమెరికా ప్రభుత్వం నడిపే ఆరోగ్య బీమా. దాని మందుల ఇన్సూరెన్స్‌లో, అంటే పార్ట్ డి లో, ఆ లెక్క చాలాసార్లు తప్పుతుంది. డాక్టర్ రాసిన మందు ఏది, దాన్ని ఇంట్లో వేసుకుంటారా క్లినిక్‌లో ఎక్కిస్తారా, అది మెడికేర్‌లో ఏ భాగం కింద పడుతుంది అన్నవి ముందు తేలాలి. ప్లాన్ సంగతి ఆ తర్వాతే.

అమెరికాలో ఉద్యోగం చేసి రిటైరైనవాళ్లు, గ్రీన్‌కార్డు మీద పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు, వాళ్ల తరఫున ఫోన్లు చేస్తున్న కొడుకులు, కోడళ్లు, కూతుళ్లు, అల్లుళ్లు అందరినీ దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. అంకెలన్నీ 2026వి.

ముందే ఒక ధైర్యం చెప్పాలి. ఇండియాలో పాత జబ్బుకు వెయిటింగ్ పీరియడ్ పెట్టే పాలసీలు చూసి వచ్చినవాళ్లకు ఇక్కడా అదే భయం ఉంటుంది. పార్ట్ డి ప్లాన్ ఏదీ క్యాన్సర్ ఉందని చేర్చుకోను అనకూడదు, ప్రీమియం పెంచకూడదు, వెయిటింగ్ పీరియడ్ పెట్టకూడదు. పైగా క్యాన్సర్ మందులు ‘రక్షిత వర్గం’లో ఉన్నాయి. ఆ వర్గంలోని మందుల్ని దాదాపు అన్నిటినీ ప్రతి ప్లాన్ తన జాబితాలో పెట్టి తీరాలి.

మొదటి మెట్టు: పర్సులోని కార్డులు చూడండి

ఎరుపు, తెలుపు, నీలం రంగుల మెడికేర్ కార్డు, మందులకు విడిగా ఇంకో కార్డు ఉంటే మీది ఒరిజినల్ మెడికేర్, దానికి తోడు విడి పార్ట్ డి. ఈ పద్ధతిలో ఉన్నవాళ్లలో కొందరికి మెడికేర్ కట్టని వాటాను భరించే మెడిగ్యాప్ అనే మూడో కార్డు కూడా ఉంటుంది. అలా కాకుండా హాస్పిటల్‌కూ డాక్టర్‌కూ మందులకూ ఒక ప్రైవేటు కంపెనీ కార్డే చూపిస్తుంటే అది మెడికేర్ అడ్వాంటేజ్. అమ్మానాన్నలకు ఈ తేడా తెలియకపోవచ్చు. ‘మెడికేర్ ఉంది’ అని మాత్రమే చెబుతారు. కార్డుల్ని మీరే చూడండి.

ఇది ఎందుకు ముఖ్యమంటే, అడ్వాంటేజ్‌లో హెచ్ఎంవో లేదా పీపీవో (నిర్ణీత డాక్టర్ల నెట్‌వర్క్‌తో నడిచే) ప్లాన్ ఉన్న మనిషి మంచి మందుల ప్లాన్ కనబడిందని విడి పార్ట్ డి లో చేరితే, అడగకుండానే అడ్వాంటేజ్ నుంచి బయటికి వచ్చేసినట్టు లెక్క. ఆన్‌లైన్‌లో ఒక్క బటన్‌తో జరిగిపోతుంది. అప్పుడు ఒరిజినల్ మెడికేర్‌లోకి వచ్చిపడతారు. అక్కడ క్లినిక్‌లో ఎక్కించే కీమోకు 20 శాతం మీ చేతినుంచి పోతుంది, దానికి ఏడాది పరిమితి లేదు. ఆ 20 శాతాన్ని మోసే మెడిగ్యాప్ పాలసీని ఆరోగ్య ప్రశ్నలు అడక్కుండా ఇచ్చేది ప్రధానంగా 65 దాటి పార్ట్ బి (డాక్టర్, క్లినిక్ ఖర్చుల భాగం) మొదలైన తొలి ఆరు నెలల్లో. తర్వాత న్యూయార్క్, కనెక్టికట్ లాంటి కొద్ది రాష్ట్రాల్లో తప్ప, క్యాన్సర్ ఉందని తెలిస్తే సాధారణంగా ఇవ్వరు. కాబట్టి అడ్వాంటేజ్‌లో ఉన్నవాళ్లు మందుల కోసం ప్లాన్ మార్చాలనుకుంటే, మందుల కవరేజీ కలిసి ఉన్న ఇంకో అడ్వాంటేజ్ ప్లాన్‌తోనే పోల్చుకోవాలి. పాత ప్లాన్‌ను వదిలేముందు మీ ఆంకాలజిస్టు (క్యాన్సర్ డాక్టర్), హాస్పిటల్ కొత్త ప్లాన్ నెట్‌వర్క్‌లో ఉన్నారో లేదో వాళ్ల ఆఫీసుకే ఫోన్ చేసి అడగండి. నా దృష్టిలో ఈ వ్యాసంలో అన్నిటికంటే గట్టిగా గుర్తుంచుకోవాల్సిన సంగతి ఇదే.

గ్రీన్‌కార్డు మీద వచ్చిన తల్లిదండ్రులకు 65 నిండి, అమెరికాలో వరుసగా ఐదేళ్లు నివాసం పూర్తయితే మెడికేర్ కొనుక్కునే హక్కు వస్తుంది. ఇక్కడ సొంతంగా గానీ, భర్త లేదా భార్య తరఫున గానీ పదేళ్ల పని రికార్డు లేకపోతే హాస్పిటల్ ఖర్చుల భాగమైన పార్ట్ ఏ కి నెలకు 565 డాలర్ల దాకా కట్టాలి. ఇండియాలో చేసిన సర్వీసు దీనికి పనికిరాదు, పిల్లల ఉద్యోగమూ లెక్కకు రాదు. పార్ట్ బి ప్రీమియం నెలకు 202.90 డాలర్లు. చాలామందికి తెలియని సంగతి: పార్ట్ ఏ కొనకపోయినా, పార్ట్ బి ఒక్కటి ఉన్నా పార్ట్ డి తీసుకోవచ్చు. ఐదేళ్లు నిండే నెలకు ముందు మూడు నెలలు, ఆ నెల, తర్వాతి మూడు నెలలు చేరే గడువు. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లకు మెడికేర్ ఉండదు.

రెండో మెట్టు: ప్రతి మందూ ఏ ఖాతాలో పడుతుందో రాసుకోండి

మా పెద్దమ్మ సంగతి ఉదాహరణగా చెబుతాను. రొమ్ము క్యాన్సర్ ఎముకలకు పాకింది. డాక్టర్ మూడు రాశారు: రోజూ ఒక లెట్రోజోల్ మాత్ర, 21 రోజులు వేసుకుని ఏడు రోజులు ఆపే ఇబ్రాన్స్, ఎముకల బలానికి క్లినిక్‌లో నర్సు ఇచ్చే ఎక్స్‌జీవా ఇంజెక్షన్. ఒకే జబ్బుకు మూడు మందులు. ఇంజెక్షన్ పార్ట్ బి కింద పోతుంది, మాత్రలు రెండూ పార్ట్ డి కింద. ఆ రెండు మాత్రల్లోనూ లెట్రోజోల్ చవక జనరిక్, ఇబ్రాన్స్ స్పెషాలిటీ మందు, అంటే బాగా ఖరీదైన ప్రత్యేక మందు. ఇంజెక్షన్ ఖర్చు భయంతో మందుల ప్లాన్ మార్చి ప్రయోజనం లేదు. ఏ పార్ట్ డి ప్లానూ దానికి పైసా ఇవ్వదు.

మోటుగా చెప్పాలంటే క్లినిక్‌లో ఎక్కించేవి బి, ఇంట్లో మింగేవి డి. కానీ మినహాయింపు ఉంది. అదే మందు ఇంజెక్షన్ రూపంలో కూడా ఉంటే, లేదా ఒంట్లోకి వెళ్లాక అలాంటి మందుగా మారితే, ఆ క్యాన్సర్ మాత్రలు పార్ట్ బి లోకి వస్తాయి. పెద్దపేగు క్యాన్సర్‌కు ఇచ్చే కేపెసిటబిన్, మెదడు కణితులకు ఇచ్చే టెమొజోలమైడ్, మైలోమా అనే రక్త క్యాన్సర్‌కు ఇచ్చే మెల్ఫలాన్ అలాంటివే. కీమోతో పాటు ఇచ్చే వాంతుల మాత్రలు కూడా, సెలైన్‌లో ఇవ్వాల్సిన మందుకు బదులుగా 48 గంటల లోపు వాడితే బి లోకి పోతాయి. అలా కాకపోతే డి. ప్రోస్టేట్‌కు వాడే అబిరాటెరాన్, ఎక్స్‌టాండీ, రక్త క్యాన్సర్లకు ఇచ్చే ఇమాటినిబ్, లెనాలిడొమైడ్, ఇంబ్రువికా డి కింద వస్తాయి.

ఆంకాలజీ క్లినిక్‌లో ఫైనాన్షియల్ కౌన్సిలర్ అని ఒకరుంటారు. డాక్టర్ గదిలోంచి బయటికి రాగానే వాళ్ల దగ్గరికి వెళ్లి, మందుల కాగితం మీద ప్రతి పేరు పక్కన బి నో డి నో రాయించుకోండి. బీపీ, షుగర్, థైరాయిడ్ మందులు కూడా అదే కాగితం మీద ఉండాలి. క్యాన్సర్ టెన్షన్‌లో వాటిని మర్చిపోయి ప్లాన్ ఎంచుకుంటే, తర్వాత ఎలిక్విస్ లాంటి రక్తం పల్చబడే మందు దగ్గర ఇబ్బంది పడతారు.

మూడో మెట్టు: లెక్క వేయండి

2025 ముందు పార్ట్ డి లో ‘డోనట్ హోల్’ అనే గొయ్యి, అంటే ఏడాది మధ్యలో మందుల ఖర్చు మన మీద ఎక్కువగా పడే దశ ఉండేది. 2022లో వచ్చిన చట్టం దాన్ని పూడ్చేసి, ఏడాదికి చేతినుంచి పెట్టే ఖర్చుకు హద్దు గీసింది. 2025లో అది 2,000 డాలర్లు, 2026లో 2,100. అది దాటాక ఆ ఏడాది చివరిదాకా జాబితాలోని మందులకు మీరు కట్టేది సున్నా.

ఇప్పుడు ఇబ్రాన్స్ మీద లెక్క చూద్దాం. ప్రామాణిక ప్లాన్‌లో మొదటి 615 డాలర్లు డిడక్టిబుల్, అంటే పూర్తిగా మీరే పెట్టాలి. ఆపైన ధరలో 25 శాతం మీది. మందు ధర 6,555 డాలర్లకు చేరేసరికి మీ వాటా 2,100 అయిపోతుంది. ఇబ్రాన్స్ ఒక్క నెల ధరే అంతకంటే ఎక్కువ. అంటే జనవరిలో మొదటి సీసాతోనే పరిమితి ముగుస్తుంది. ఈ పరిస్థితి ఏ ప్లాన్‌లోనైనా దాదాపు ఇంతే. అలాంటప్పుడు నెలకు 90 డాలర్ల ప్రీమియం ఉన్న ప్లాన్‌కూ, పది డాలర్ల ప్లాన్‌కూ తేడా ఏడాదికి 960 డాలర్లు. ఆ డబ్బుకు మందుల విషయంలో అదనంగా వచ్చేది దాదాపు ఏమీ లేదు.

అదే మనిషికి లెట్రోజోల్ ఒక్కటే అయితే కథ వేరు. చవక జనరిక్‌లకు చాలా ప్లాన్లు డిడక్టిబుల్ పెట్టవు, కొద్ది డాలర్ల కోపేతో (మందు కొన్న ప్రతిసారీ మనం కట్టే వాటా) అయిపోతుంది. 2,100 దరిదాపుల్లోకి కూడా వెళ్లరు. అక్కడ ప్రీమియం, కోపే కలిపి చూసుకోవాలి.

పరిమితిలోకి ఏవి రావో కూడా తెలిసి ఉండాలి. ప్రీమియం రాదు. ప్లాన్ జాబితాలో లేని మందుకు పెట్టిన డబ్బు రాదు. పార్ట్ బి కింద కట్టే 20 శాతమూ రాదు. అడ్వాంటేజ్ ప్లాన్‌లో డాక్టర్, హాస్పిటల్, క్లినిక్ కీమోలకు వేరే పరిమితి ఉంటుంది. 2026లో నెట్‌వర్క్ లోపల అది గరిష్ఠంగా 9,250 డాలర్లు. అంటే చెడ్డ ఏడాదిలో రెండు పరిమితులూ కలిపి సిద్ధపడి ఉండాలి.

ఇంకోటి, లెక్క జనవరి 1న మళ్లీ మొదలవుతుంది. నవంబరులో జబ్బు బయటపడితే నవంబరులో ఒకసారి, జనవరిలో ఇంకోసారి మొత్తం కట్టాల్సి వస్తుంది.

నాలుగో మెట్టు: ప్లాన్ ఫైండర్‌లో మందుల్ని సరిగ్గా ఎక్కించండి

మెడికేర్ డాట్ గవ్‌లో ప్లాన్ ఫైండర్ ఉంది. మందు పేరు కొడితే సరిపోదు. కిందే మాత్రా, క్యాప్స్యూలా, ఎన్ని మిల్లీగ్రాములు, ఎన్ని, ఎన్నాళ్లకు అని అడుగుతుంది. ఇబ్రాన్స్ 125, 100, 75 మిల్లీగ్రాముల్లో దొరుకుతుంది, మాత్రగానూ క్యాప్స్యూల్‌గానూ ఉంది. ఒక విడతకు 21. అక్కడ అలవాటుగా 30 అని కొట్టేస్తే వచ్చే ధర తప్పు, క్వాంటిటీ లిమిట్ దాటిందన్న హెచ్చరిక కూడా అనవసరంగా రావచ్చు. అబిరాటెరాన్‌లో ఇంకా చూసుకోవాలి. రోజుకు వెయ్యి మిల్లీగ్రాములను 250 మాత్రలు నాలుగుగా వేసుకోవచ్చు, 500 మాత్రలు రెండుగా వేసుకోవచ్చు. రెండిటి ధరలూ ఒకేలా ఉండవు. ప్రిస్క్రిప్షన్ కాగితం ముందు పెట్టుకుని టైప్ చేయండి.

తర్వాత ఫార్మసీలు ఎంచుకోమంటుంది. ఇంటి దగ్గరి రెండు మూడు, మెయిల్ ఆర్డర్ కలిపి పెట్టండి. ఒకే మందు ఒకే ప్లాన్‌లో ఫార్మసీని బట్టి ధర మారుతుంది. ఫలితాలు వచ్చాక, మందులు, ప్రీమియం కలిపి ఏడాది ఖర్చు తక్కువ నుంచి ఎక్కువకు వరుసలో పెట్టి చూడండి. పైన ఉన్న మూడు ప్లాన్ల వివరాల్లోకి వెళితే నెలవారీ అంచనా కనిపిస్తుంది. ఖరీదైన మాత్ర ఉన్నవాళ్లకు జనవరిలో పెద్ద అంకె, తర్వాత దానికి సున్నాలు. అలా కనబడకపోతే మందు జాబితాలో లేదన్నా అనుకోవాలి, మీరు తప్పు కొట్టారన్నా అనుకోవాలి.

అదే పేజీలో మందు పక్కన షరతులు ఉంటాయి. ప్రయర్ ఆథరైజేషన్ అంటే ముందస్తు అనుమతి. క్యాన్సర్ మాత్రలకు ఇది మామూలే, భయపడనక్కర్లేదు. స్టెప్ థెరపీ అంటే ముందు వేరే మందు వాడి చూడాలనడం. డబ్బు లెక్కలో రెండు ప్లాన్లు సమానంగా ఉంటే షరతులు తక్కువ ఉన్నదే నా ఓటు. ఆ స్పెషాలిటీ మందును ఏ ఫార్మసీ నుంచి పంపుతారో కూడా ప్లాన్‌కు ఫోన్ చేసి అడగండి. చాలా హాస్పిటళ్లకు సొంత స్పెషాలిటీ ఫార్మసీ ఉంటుంది. అది నెట్‌వర్క్‌లో ఉంటే డోసు మారినప్పుడు, అనుమతి ఆగినప్పుడు డాక్టర్ ఆఫీసుతో వాళ్లే మాట్లాడుకుంటారు. ఇంట్లో ఉన్న మనిషికి అది ఎంత పెద్ద ఊరటో అనుభవిస్తే గానీ తెలియదు.

ఇదంతా ఒక్కరే చేయలేమనిపిస్తే ప్రతి రాష్ట్రంలో షిప్ అనే ఉచిత సలహా కేంద్రం ఉంది. కాలిఫోర్నియా, టెక్సస్‌లలో దాన్ని హైక్యాప్ అంటారు. వాళ్లకు కమిషన్ ఉండదు. మెడికేర్ నంబరు 1-800-633-4227కు చేసి తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలని అడగవచ్చు, ఆ సేవకు డబ్బు తీసుకోరు.

ఐదో మెట్టు: ఎప్పుడు మార్చుకోవచ్చు

అక్టోబరు 15 నుంచి డిసెంబరు 7 దాకా అందరికీ అవకాశం. కొత్త ప్లాన్ జనవరి 1న మొదలవుతుంది. అడ్వాంటేజ్‌లో ఉన్నవాళ్లకు జనవరి నుంచి మార్చి ఆఖరు దాకా ఒకసారి మారే వీలుంది. క్యాన్సర్ వచ్చిందన్న ఒక్క కారణంతో ఏడాది మధ్యలో మందుల ప్లాన్ మార్చుకునే హక్కు రాదు. కానీ వేరే దారులున్నాయి. ఆఫీసు ఇన్సూరెన్స్ పోయినా, ప్లాన్ పరిధి దాటి ఇల్లు మారినా ప్రత్యేక గడువు ఇస్తారు. మీ ప్రాంతంలో మెడికేర్ రేటింగులో ఐదు నక్షత్రాల ప్లాన్ ఉంటే డిసెంబరు 8 నుంచి నవంబరు 30 మధ్యలో ఒకసారి దానిలోకి వెళ్లవచ్చు. తక్కువ ఆదాయంవాళ్లకు ఇచ్చే ఎక్స్‌ట్రా హెల్ప్ వచ్చినవాళ్లు ఏ నెలలోనైనా విడి పార్ట్ డి కి మారవచ్చు. అయితే అడ్వాంటేజ్‌లో ఉన్నవాళ్లు ఈ దారి తొక్కేముందు మొదటి మెట్టు మళ్లీ చదవండి.

మందులు లేని రోజుల్లో ‘మనకెందుకులే’ అని పార్ట్ డి తీసుకోనివాళ్లకు జరిమానా ఉంటుంది. సరైన కవరేజీ లేని ప్రతి నెలకు జాతీయ ప్రాథమిక ప్రీమియంలో ఒక శాతం. 20 నెలలు ఆలస్యమైతే 2026 లెక్కన నెలకు 7.80 డాలర్లు, పార్ట్ డి ఉన్నంతకాలం. క్యాన్సర్ మాత్ర ధర ముందు ఇదెంత? జరిమానాకు జడిసి ఇంకో ఏడాది ఆగొద్దు.

ఆరో మెట్టు: ఆ 2,100 కూడా కష్టమైతే

వాయిదాల పద్ధతి ఉంది. ప్లాన్‌కు ఫోన్ చేసి మెడికేర్ ప్రిస్క్రిప్షన్ పేమెంట్ ప్లాన్‌లో చేర్చమనండి. వడ్డీ లేదు, ఫీజు లేదు. ఫార్మసీ కౌంటర్ దగ్గర ఏమీ కట్టనక్కర్లేదు, బిల్లు నెలనెలా ఇంటికి వస్తుంది. జనవరిలో చేరితే 2,100 కాస్తా నెలకు 175 అవుతుంది. అక్టోబరులో చేరితే మూడు నెలలకే పంచుతారు కాబట్టి నెలకు 700. అందుకే మందు మొదలయ్యే ముందే, వీలైతే డిసెంబరులోనే వచ్చే ఏడాదికి చేరిపోవాలి. ప్లాన్ మారితే కొత్త ప్లాన్‌లో మళ్లీ చేరాలి.

వాయిదాలు ఖర్చును తగ్గించవు. తగ్గించేది ఎక్స్‌ట్రా హెల్ప్. ఆదాయం ఫెడరల్ పేదరిక రేఖకు ఒకటిన్నర రెట్ల లోపు, ఆస్తి ఒక్కరికైతే 18,090 డాలర్లు, దంపతులకైతే 36,100 లోపు ఉండాలి. ఉంటున్న ఇల్లు, కారు లెక్కలోకి రావు. ఇండియాలో డిపాజిట్లున్నా, ఖాళీ స్థలమున్నా దాచకుండా చెప్పాలి. ఇది వస్తే జనరిక్‌కు 5.10, బ్రాండ్ మందుకు 12.65 డాలర్లకు మించదు, ఆలస్యం జరిమానా కూడా పోతుంది. సోషల్ సెక్యూరిటీ ఆఫీసులో దరఖాస్తు చేయాలి.

మందు కంపెనీల కోపే కార్డులు మెడికేర్ ఉన్నవాళ్లకు చెల్లవు. పాన్ ఫౌండేషన్, హెల్త్‌వెల్ ఫౌండేషన్ లాంటి సంస్థలు జబ్బును బట్టి సాయం చేస్తాయి. నిధులు అయిపోతే మూసేసి మళ్లీ తెరుస్తుంటాయి, కాబట్టి క్లినిక్ కౌన్సిలర్‌ను కనిపెట్టి ఉండమని అడగండి.

ఏడో మెట్టు: ప్లాన్ కాదంటే

కొత్త ప్లాన్‌లో మొదటి 90 రోజుల్లో, పాతగా వాడుతున్న మందుకు అడ్డు తగిలితే ఒక నెల సరఫరా తాత్కాలికంగా ఇవ్వాలి. ‘ట్రాన్సిషన్ ఫిల్’ అని పేరు పెట్టి అడగండి. ఆ నెలలో డాక్టర్ చేత అనుమతి కోసం రాయించండి. ప్లాన్ 72 గంటల్లో జవాబివ్వాలి. ఆగితే ప్రమాదమని డాక్టర్ రాస్తే 24 గంటల్లోనే ఇవ్వాలి. ఆ జబ్బుకు ఎఫ్‌డీఏ (అమెరికా మందుల నియంత్రణ సంస్థ) ఆమోదం లేదని తిప్పిపంపితే ఆశ వదులుకోకండి. క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి ఎన్‌సీసీఎన్ సంకలనం లాంటి గుర్తింపు పొందిన గ్రంథాల్లో ఆ వాడకానికి మద్దతు ఉంటే పార్ట్ డి దాన్ని ఒప్పుకునే వీలుంది. ఆ సంగతి డాక్టర్ లేఖలో ఉండాలి. అయినా కాదంటే 65 రోజుల్లో అప్పీలు. అత్యవసరమైన అప్పీలుకు 72 గంటల్లో తీర్పు రావాలి.

ఈ ఫోన్లన్నీ చేసేది పిల్లలే. లైన్‌లోకి పేషెంటును పిలవమంటారు. కీమో నీరసంతో పడుకున్న అమ్మను లేపి ‘పుట్టినతేదీ చెప్పమ్మా’ అనాల్సి వస్తుంది. దానికి ముందే మెడికేర్ మీతో మాట్లాడేందుకు అనుమతిచ్చే సీఎంఎస్-10106 ఫారం, ప్లాన్ దగ్గర అప్పీళ్లకు మిమ్మల్ని ప్రతినిధిగా పెట్టే సీఎంఎస్-1696 ఫారం సంతకం చేయించి పంపండి.

ఇండియా వెళ్లొచ్చే ఆలోచన ఉంటే

ఇండియాలో కొన్న మందుకు పార్ట్ డి డబ్బు ఇవ్వదు, అది 2,100 లెక్కలోకీ రాదు. ఇబ్రాన్స్‌లోని మందు పాల్బోసిక్లిబ్ పేటెంట్ 2023లో అక్కడ ముగిశాక జనరిక్‌లు వచ్చి ధర బాగా పడిపోయింది. ఆ సంగతి తెలిసి చాలామంది అక్కడినుంచే తెప్పిద్దామనుకుంటారు. పరిమితి దాటేశాక ఇక్కడ అదే మందు ఉచితమని మర్చిపోతారు. ఏం చేసినా ఆంకాలజిస్టుకు చెప్పకుండా మాత్ర మార్చకండి. ప్రయాణానికి మూడు వారాల ముందే ప్లాన్‌ను ‘వెకేషన్ ఓవర్‌రైడ్’ అడిగి ఒక విడత ఎక్కువ తెచ్చుకోండి. స్పెషాలిటీ మందుకు ఒప్పుకుంటారా లేదా అన్నది ప్లాన్‌ను బట్టి ఉంటుంది, కాబట్టి టికెట్ కొనేముందే అడగడం మేలు.

ఏటా సెప్టెంబరు ఆఖరుకల్లా ప్లాన్ నుంచి వచ్చే ఏడాది మార్పుల కాగితం వస్తుంది. ఈసారి దాన్ని మామూలు చిత్తుకాగితాల్లో కలపొద్దు. ప్రభుత్వం బేరమాడిన ధరలు 2026 జనవరిలో ఎలిక్విస్, ఇంబ్రువికాలతో సహా పది మందులకు మొదలయ్యాయి. 2027 జనవరి నుంచి ఇబ్రాన్స్, ఎక్స్‌టాండీ, పొమాలిస్ట్, కాల్‌క్వెన్స్ కూడా ఆ వరుసలో చేరుతున్నాయి. ధర మారితే ఏ ప్లాన్ చవకో కూడా మారవచ్చు. అక్టోబరు 15 తర్వాత ఒక సాయంత్రం పెట్టుకుని, మందుల కాగితం ముందుంచుకుని, ప్లాన్ ఫైండర్‌లో అన్నిటినీ మళ్లీ మొదటినుంచి టైప్ చేయండి.